దోసకాయల సీసా రబ్బరు

పదకొండో పెడల్ కూడా అబద్ధమే చెప్పింది.

ఖోజూఫ్‌లో, ట్రామ్ డిపో వెనక
ఒకప్పుడు బొగ్గు పోసుకున్న నేలమాళిగలో
నేను, సోల్డరింగ్ కడ్డీ,
వేడెక్కిన వాల్వుల మీద మాడే దుమ్ము వాసన.
ముప్ఫై ఏడేళ్లుగా ఒక్క గిటారు కోసం.
ఆల్బమ్ పేరు చెప్పను, తెలిసినవాళ్లకి తెలుస్తుంది:
నల్ల అట్ట, మొదటి పాటకి ముందు
ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు,
వెంటనే ఆ మోత.
ఇనప రేకుని చీల్చేంత మొరటు,
అంచుల్లో మాత్రం నీళ్లు.

కోరస్ అంటే పెద్ద విద్యేం కాదు.
వచ్చిన నాదాన్ని రెండు చేసి
ఒకదాన్ని కాస్త ఆలస్యంగా పంపాలి.
ఆ ఆలస్యాన్ని కుదురుగా ఉండనివ్వకూడదు.
రవ్వంత శ్రుతి తప్పాలి,
పాలకి తోడు వేసినట్టు.
ఎక్కువైతే పులుపు,
తక్కువైతే తెల్లారినా పాలు పాలే.

చిప్పు లోపల వెయ్యిన్ని ఇరవైనాలుగు బాల్చీలు.
ఇల్లంటుకున్నప్పుడు వీధంతా వరసకట్టి
చేతులు మార్చుకుంటూ నీళ్లందించినట్టు
నాదాన్ని అందించుకుంటాయి.
ప్రతి చేతిలోనూ కాస్త ఒలుకుతుంది.
ఆ ఒలికిందే నాకు కావాలి.

శనివారాలు మా అన్న అలోయ్‌జీ మెట్లు దిగొస్తాడు.
అతని ఎడమ చెవిని గని ఉంచేసుకుంది.
కుడి చెవి నా ఆంప్లిఫయర్ వైపు తిప్పి
పులుసులో ఉప్పు చూసేవాడిలా కళ్లు మూసుకుంటాడు.
నేను ఆ మొదటి నాలుగు వరసలూ వాయిస్తాను.
"కాదు" అంటాడు.
"ఇంకాస్త జ్వరం ఉండాలి."

పోయిన నెల అసలు రికార్డే దొరికింది.
వ్రోత్స్వాఫ్ సంతలో ఒక ముసలావిడ
పోయిన మొగుడి బూట్ల పక్కన పెట్టి అమ్ముతోంది.
బూట్లు కూడా కొనమంది. కొన్నాను. బిగుతు.

సూది పెట్టాను.
గిటారు వచ్చింది,
తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని
పెళ్లిచూపులకి వచ్చినవాడిలా.
కోరస్ ఉంది, లేదనను.
మేం విన్నదాంట్లో సగం.
అట్ట తిప్పి చూశాను. అదే ఆల్బమ్.
గొంతు సవరింపు కూడా అదే.
మరి ఆ మిగతా సగం వణుకు?

అలోయ్‌జీ చాలాసేపు నవ్వాడు,
దగ్గొచ్చేదాకా.
"బెల్టురా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది.
ఆ చలికాలం టేప్ రికార్డర్ బెల్టు తెగింది.
దుకాణంలో బెల్టు లేదు,
ఎప్పుడొస్తుందో చెప్పే మనిషీ లేడు.
అమ్మ దోసకాయల ఊరగాయ సీసా మూత విప్పి
దాని ఎర్ర రబ్బరుని
నాన్న గడ్డం బ్లేడుతో సన్నగా కోసింది.
కోత తిన్నగా రాలేదు.
ఒకచోట లావు, ఒకచోట దారప్పోగు.
దాంతోనే పక్కింటి ఎవాల్డ్ క్యాసెట్‌ని
మా క్యాసెట్‌కి ఎక్కించుకున్నాం.
లావు చోటు మోటారు మీదికి వచ్చినప్పుడల్లా
ఎక్కడో సముద్రాల అవతలి స్టూడియోలో
ఆ మహానుభావుడు
మా వంటింటి గడప తట్టుకుని తూలేవాడు.
మాకేం తెలుసు,
అదే వాయించడమనుకున్నాం.

అంటే పదకొండు పెడల్స్ డబ్బూ
అమ్మ బ్లేడు జారిన చోట పోసినట్టు.

పైకెళ్లి ఓటీలియాని అడిగాను,
పాత సీసాలున్నాయా, రబ్బరు మూతలవి.
"ఎన్ని లీటర్లవి?" అంది.
"ఈ ఏడు దోసకాయలు చేదు, ముందే చెప్తున్నా."

ఇప్పుడు బల్ల మీద
కడుపు విప్పిన టేప్ రికార్డర్,
వెనిగర్ వాసనేసే ఎర్ర రబ్బరు,
ఒక కొత్త బ్లేడు.
నా చెయ్యి ఇంకా తిన్నగానే ఉంది, అదే చిక్కు.
రబ్బరు అన్న ముందుకి జరిపాను.
"వంకరగా కొయ్యి" అన్నాను.
"అది నాకు చెప్పాలా" అన్నాడు అలోయ్‌జీ,
బ్లేడు అందుకుంటూ.
వేళ్లు అప్పటికే మొదలెట్టాయి.