కాలు గురించే అడుగుతారు

గిద్దలూరు బస్టాండులో కుంటుతూ దిగితే చాలు
"యాడ తగిలిందబ్బయా, కార్గిల్లోనా?"
కాదు, కుప్వారాలో.
కార్గిల్ నాటికి నాకు పదేళ్ళు.
టీ డబ్బులు తీసుకోరు.
నా కాలు సంపాదించిన టీ అది.

మందుపాతర కాలితో మొదలుపెట్టింది
కాలితో ఆగలేదు.
ఆపైన ఏం పోయిందో
పెన్షన్ కాగితంలో ఒకటిన్నర వరస, ఇంగ్లీషులో.
చదివి చెప్పమంటే నాయనకు
"కాలేనంట" అని మడిచేశాను.

పన్నెండేళ్ళు.
నెలకోసారి గొట్టం మార్పు, ఆర్నెల్లకోసారి కిడ్నీ స్కాను,
మూడు వారాలకో సూది తుంటికి.
గడ్డం మొలవడం, ఎముక నిలవడం,
పొద్దున్నే లేవబుద్ధి కావడం
అన్నీ ఆ చిన్న సీసాలో వస్తాయి.
సీసా ఆలస్యమైన వారం
ఏటీఎం ముందు కుర్చీలో తుపాకీ నన్ను కాస్తుంది.
చలిజ్వరం తగిలిందంటే
నుదురు తడమదు నాగవేణి
సంచి ఎత్తి రంగు చూస్తుంది.

"రోజుకు మూడు లీటర్లు తాగాలి" అన్నాడు డాక్టరు.
మూడు లీటర్లు!
ట్యాంకరు హారన్‌కి
వీధంతా బిందెలతో పరుగెత్తే ఊళ్ళో.
డ్యూటీలో తాగితే సంచి నిండుతుంది
తాగకపోతే రాయి పుడుతుంది.
పలకల గనుల పక్కన పుట్టినవాణ్ణి,
రాళ్ళు నాకు కొత్తేం కాదులే.

పెళ్ళయిన ఏడో నెలలో జరిగింది.
తర్వాత మూడేళ్ళు మా అమ్మ ఆమెకు
శనివారాలు, తాయెత్తులు, చెట్లమందు.
చివరికొక రోజు
"లోపం నాలోనే ఉందత్తా" అంది నాగవేణి.
పక్క గదిలో మేలుకునే ఉన్నాను.
పెట్టెలో పతకం ఉంది నాది,
ధైర్యానికి ఇచ్చింది.

మొన్న పంద్రాగస్టుకు స్కూల్లో శాలువా కప్పారు.
ఉపన్యాసాలు సాగుతున్నాయి
ప్యాంటు లోపల సంచి బరువెక్కుతోంది.
నంద్యాల రోడ్డు మీద తెల్లారుజామున రన్నింగ్ కొట్టే పిల్లాడొకడు
దగ్గరికొచ్చి అడిగాడు,
"కాలేనా అన్నా? ఇంకెక్కడా తగల్లేదు గదా?"

అంత మామూలుగా ఎవరూ అడగలేదింతవరకు.
వాడికి చెప్పలేదు.
ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

అమ్మ చాలాసేపు చాటలో కందులు అటూ ఇటూ జరిపింది.
"దానికి ముందే తెలుసా?" అంది.
ఆసుపత్రిలోనే తెలుసన్నాను.

ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.
పొద్దున నా మంచం కింద
మూతపెట్టిన చెంబు నిండా నీళ్ళు.
వంటింట్లోంచి అమ్మ
పన్నెండేళ్ళుగా "ఏమే" అన్న మనిషిని
"నాగవేణీ" అని పిలుస్తోంది.