మోకు గాడి

సున్నం కొట్టడానికే ఎక్కినాను గానీ
వాకిలి కమాను కాడ చెయ్యి నిలిచిపోయింది.

క్రిస్మస్‌కు ఒక పొర,
బిషప్పు వచ్చిన ఏడాది రెండు.
గోకేకొద్దీ ఉల్లిగడ్డ మాదిరి ఊడొస్తా ఉంది గోడ.
అన్నిటికన్నా అడుగున
కరక్కాయ నీళ్లూ బెల్లమూ తాగి గట్టిపడిన గచ్చులో
గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
మళ్లీ నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

కింద నిచ్చెన పట్టుకున్న దానియేలు
"ఏముందన్నా, పేర్లా?" అన్నాడు.
"పేర్లు గాదురా. జొన్నల లెక్క."

ధాత కరువులో లేచిన గుడి ఇది,
జమ్మలమడుగు దాటినాక, పెన్న ఇసుక ఎగిరొచ్చి పడే చోట.
మా జేజికి వాళ్ల జేజి చెప్పిన మాట
నోళ్లల్లో అరిగి అరిగి నా దాకా వచ్చింది.
దొర కాగితం మీద సగం చందమామను గీసినాడంట.
మా ఊర్లో గుడి వాకిలి ఇట్లుంటుంది,
ఎనిమిది నూర్ల ఏండ్ల నాటిది,
రాతి మీద ఎప్పుడూ పాచే, ఎప్పుడూ వానే అన్నాడంట.
వాన అనే మాటకు
తట్టలు మోసేటోళ్లంతా
ఆ కాగితం దిక్కు చూసినారంట.

బావులు తవ్వే ఒడ్డె పుల్లన్న ఒక్కడే
కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
"బావి నోరు నిలబెట్టి సగానికి కోస్తే
ఇదే గదా సామీ" అన్నాడంట.

అప్పటికే ఎండి మూడేండ్లయిన మోటబావి.
ఒరలో రాళ్లు వంపు తిరిగే ఉన్నాయి,
కొత్తగా చెక్కే పని ల్యాకపాయ.
ఒక్కొక్కటే పైకి లాగి
వాకిలికి పేర్చినారు.
రాయికి ఇన్ని జొన్నలని, పొద్దుగూకితే ఒక గీత.

దొర పేరు ఇత్తడి పలక మీద ఉంది.
శనివారం శనివారం సలోమమ్మ చింతపండుతో తోముతుంది.

ఒక వరస మాత్రం మూడు నిలువుల కాడ ఆగింది.
నాలుగోది లేదు.
ఊరిడిసి పోయినాడో,
ఆ పొద్దు వానే పడిందో,
లేకుంటే ఇంకేమో.
నేను చాలాసేపే చూసినాను. గోడ ఏం చెప్పలేదు.

"ఆదివారానికి తెల్లగుండాల" అని
సంఘపెద్ద ఆశీర్వాదం కిందనుంచి కేకేసినాడు.

కుంచె ముంచినాను.
పాపమనిపించలేదు.
నూట యాభై ఏండ్లు దాచింది సున్నమే గదా,
ఇంకొన్నాళ్లు దాచనీ.
ఆ మూడు గీతల కాడ మాత్రం
కుంచె కొంచెం నిదానంగా పోయింది.

దిగేటప్పుడు దానియేలు
ఎడమ పక్క రాయిని తడిమి చూస్తా ఉన్నాడు.
బొటనవేలు పట్టేంత గాడి, నున్నగా.
"దీంట్లో సిమెంటు పూడ్చాల్నా అన్నా?"

"వద్దు.
అది మోకు రాసుకున్న చోటు."