వెనక్కి నడవకండి

ఊళ్ళోకి రాగానే బోర్డు:
లోతైన గోతులు, పరుగెత్తకండి, వెనక్కి నడవకండి.
కింద ఒక నల్లబొమ్మ మనిషి
కెమెరా కంటికి ఆనించుకుని
వెనక్కి వెనక్కి పోయి
పడిపోతూ ఉంటాడు, ఏళ్ళ తరబడి.

కూబర్ పీడీ.
ఈ నేలవాళ్ళ పాతమాటలో
తెల్లవాడి బొరియ అని అర్థమట.
నలభై ఏడు డిగ్రీల ఎండకి
సగం ఊరు కొండ కడుపులోనే కాపురం.
నేనూ అంతే. ఇక్కడి ఆస్పత్రిలో నర్సుని.
నా పడకగదికి కిటికీ లేదు.
గాలిగొట్టం ఒకటి, దాని చివర
రూపాయి బిళ్ళంత ఆకాశం.

మొదటి రాత్రి లైటు వేస్తే
గోడ నిండా గుండ్రటి గాట్లు,
యంత్రం పళ్ళతో కొరికి వదిలిన ఎర్రరాయి.
ఎక్కణ్ణుంచో ముక్కుకి తగిలింది
గబ్బిలాల కంపు, నలిగిన బంతిపూల వాసన.
గుంటుపల్లి!

శివరాత్రి తిరనాళ్ళకి
మా మేనత్త సీతారత్నం
జీళ్ళ గంప నెత్తిన పెట్టుకుని కొండెక్కేది.
నిద్రకి తూగుతుంటే నన్ను
భిక్షువుల గదిలో రాతి అరుగు మీద పడుకోబెట్టేది.
"ఎవడి కొలతకి కుట్టారో గానీ
అందరికీ సరిపోద్దే ఈ చొక్కా" అనేది.

గుండ్రటి గుహలో వెల్లకిలా తల ఎత్తితే
వాసాలు, అడ్డకర్రలు, అన్నీ రాయే.
తను పుట్టిన పాకని మరవలేనివాడెవడో
కొండలోపల పాకని చెక్కాడు.
చుక్క వాన పడని చోట
వాసాలెందుకో నాకప్పుడు తెలియలేదు.
నడుమ ఉన్నది స్తూపమని కాపలాదారు,
ధర్మలింగేశ్వరుడని జనం,
ఏటేటా అదే తగువు.
అత్త కొబ్బరిచిప్ప అక్కడ పెట్టి
"రాయికి తెలుసులే తనెవరో" అనేసి
జీళ్ళు అమ్ముకోడానికి పోయేది.

మంగళవారం మంగళవారం
వ్లాదో కాలిపుండుకి కట్టు మారుస్తాను.
ఎనభై మూడేళ్ళు. ఏడ్రియాటిక్ ఒడ్డు మనిషి.
యాభై ఏళ్ళు ఓపల్ కోసం తవ్వాడు,
ఇప్పుడు ఊరికే తవ్వుతున్నాడు,
వంటగది వెనక ఇంకో గది.
సుత్తి, ఉలి, అంతే. యంత్రం వద్దట,
దానికి ఎక్కడ ఆగాలో తెలియదట.

నిన్న టార్చి వేసి చూపించాడు.
కప్పుకి వాసాలు చెక్కాడు.
వంపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి,
పదకొండు. పన్నెండోది సగం.
కట్టుగుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది.

"మా నాన్న పడవలు కట్టే కొట్టం" అన్నాడు.
"తారు వాసన పోయింది, ముందే.
మొన్న దూలాలు ఎన్నో గుర్తు రాలేదు.
అందుకని."

సముద్రం ఇక్కడికి ఒక పగటి ప్రయాణం.
కానీ ఈ రాతిలోనే ఎప్పటిదో సముద్రం,
దాని గవ్వలు ఓపలైపోయి దొరుకుతాయి,
రంగులు మారుస్తూ, నత్త లేకుండా.

మా కొండ సంగతి చెప్పాను.
శ్రద్ధగా విన్నాడు, గని మనిషి కదా,
"మరి వాళ్ళకేం దొరికింది?"
ఏమీ దొరకలేదు.
"అయినా ఆపలేదూ?"
తరాల తరబడి ఆపలేదు.
దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

బయటికొస్తే సందెవేళ.
తవ్వి పోసిన తెల్లమట్టి కుప్పలు
చూపు ఆనినంత మేరా, వందలు, వేలు,
లోపల ఏ ఎముకా దాచని స్తూపాలు.
ఒక్కదానికైనా ప్రదక్షిణ చేద్దామనిపించింది.
ప్రతి కుప్ప పక్కనా మూతలేని నుయ్యి.

వ్లాదో వాకిట్లో కారు తిప్పే చోటు లేదు.
రివర్సులోనే పోవాలి.
కుంటుకుంటూ వెనక్కొచ్చి నిలబడ్డాడు,
టార్చి ఊపుతూ, దుమ్ములో సగం కనపడుతూ:
రా, రా, ఇంకా రా,
కుడికి, కొంచెం,
చాలు.