మంచుకు చెవి ఆనించి

సరస్సు మీదికి దిగగానే మొదటి పని కన్నం వెయ్యడం.
ఒరెస్ట్ బర్మా తిప్పి, టేపు దించి
"పంతొమ్మిది అంగుళాలు" అంటాడు,
అందులో తన గొప్పతనం కూడా కొంత ఉన్నట్టు.
పంతొమ్మిదంటే ట్రక్కును మోస్తుంది.
అయినా ట్రక్కులు ఒడ్డునే ఆపుతాం.
ఒక ఏడాది సంగతి మా క్లబ్బులో ఎవరూ ఎత్తరు.

విన్నిపెగ్ సరస్సు. ఫిబ్రవరి. మైనస్ ఇరవై ఏడు.
గాలి లేదు.
లేదని పైకి అనకూడదు, అంటే వస్తుంది.

ఈ చలికి బ్యాటరీలు ప్రాణం నిలుపుకోవు.
తలా రెండు చంకల్లో ఇరికించుకుని
జ్వరం చూసుకుంటున్న ఆసుపత్రి వార్డులా
తిరుగుతాం పదకొండు మందిమి.
పారాచూట్ ప్లాస్టిక్కు బిర్రబిగుస్తుంది,
నీళ్ళు పోసిన పసిబిడ్డకులా మడత మడతకీ పౌడరద్దుతాం.
ఒరెస్ట్ అరగంట సేపు తన బ్యాటరీ కోసం
పెట్టెలన్నీ బోర్లించి, మా అందర్నీ అనుమానించి,
విసుగొచ్చి చేతులెత్తాడు.
చంకలోంచి మంచు మీద పడింది.
సామెతలు ఊరికే పుట్టవు.

సిగ్రున్‌కి పన్నెండేళ్ళు.
గిఫ్టు కాగితం చుట్టుకొచ్చిన అట్టగొట్టం,
బాల్సా చెక్క రెక్కలు,
ముక్కు నుంచి తోక దాకా తనే దిద్దిన పొలుసులు.
రాకెట్టు కాదది, ఈ సరస్సులో దొరికే పైక్ చేప.
లాగ్‌బుక్కు నాది. పెన్ను గడ్డకట్టింది, పెన్సిలు.
"దీని పేరు?" అన్నాను.
"పైకెళ్ళి వచ్చాక పెడతా."

ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.
ఏమీ కాలేదు.
నియమం ప్రకారం నిమిషం ఆగాలి.
ఆ నిమిషంలో ఆ పిల్ల చేతితొడుగులు తీసింది,
తొడుక్కుంది, మళ్ళీ తీసింది.
వైరు మార్చారు. మళ్ళీ ఐదు నుంచి.

ఈసారి
ఆకాశాన్ని చీరుకుంటూ పోయింది.
చప్పుడు అవతలి ఒడ్డు స్ప్రూస్ చెట్ల దాకా పోయి తిరిగొచ్చేసరికి
అది చుక్క.
పొగ మాత్రం కదల్లేదు.
సూదిలోంచి జారినా నిలబడే ఉన్న దారం.

పైన టప్‌మంది. పారాచూట్ బయటికొచ్చింది,
తెరుచుకోలేదు.
నలిపి విసిరేసిన చాక్లెట్ కాగితంలా ఒక ఉండ,
దాని వెనకాల చేప.
అంతెత్తు నుంచీ ఎవరం నోరు మెదపకుండా చూశాం.

చేపల గుడిసెకి ఇరవై అడుగుల్లో దిగబడింది.
లూసియెన్ తల బయటపెట్టాడు:
"నలభై ఏళ్ళుగా ఇక్కడ కిందనుంచే వస్తున్నాయే!"

తోక ఒక్కటే కనిపిస్తోంది. లోపల్నుంచి
బీప్.
ఎత్తు కొలిచే పరికరం బతికే ఉంది, అంకెలు చెబుతోంది.
రెండు. కాస్త ఆగి, పది.
సున్నాకి పది కొట్టాలి;
లేనిదాన్ని చెప్పడానికే ఎక్కువ నోరు కావాలి మరి.
ఆ తర్వాత ఏడో, ఎనిమిదో.
టోపీలు పక్కకి నెట్టి, బోర్లా పడుకుని,
మంచుకు చెవులానించాం,
పదకొండు మందిమి, లూసియెన్‌తో పన్నెండు.
"ఏడు."
"కాదు, ఎనిమిది."
"ఎవరయ్యా ఆ ఊపిరి, కాసేపు ఆపు!"
రెండోసారి, రెండు, పది,
ఏడు దగ్గర గొంతు ఆగిపోయింది.

సిగ్రున్ ఏడవలేదు.
"ఏం రాశావు?"
"రెండు వందల ఏడు మీటర్లు."
"చెరిపెయ్."

చేత్తో తవ్వి తీసింది. ముక్కు నొక్కుకుపోయింది,
పొలుసులు మాత్రం తడిసి నిజంగా మెరుస్తున్నాయి.
ఒరెస్ట్ ఏమీ అడగలేదు.
కోటు విప్పాడు, లోపలి కోటు విప్పాడు,
ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఏళ్ళు బస్తాలు మోసిన ఆ చంకలో
పరికరాన్ని పెట్టుకుని అన్నీ బిగించాడు.
ఫ్లాస్కులో బీట్‌రూట్ సూపు చల్లారుతోంది.
అందరం చలిమంట చుట్టూ నిలబడ్డట్టు
ఆయన చుట్టూ.

చాలాసేపటికి, ఉన్ని పొరల లోతులోంచి,
రెండు.
పది.
ఒక ముసలాయన చంక వైపు వంగి
పెదాలు కదుపుతూ మేమంతా.
ఐదు. ఆరు. ఏడు.
ఎనిమిదోది వచ్చింది, సన్నగా,
మాట అప్పగించి పడుకున్నట్టు.

రాశాను. పారాచూట్ గడిలో: తెరుచుకోలేదు.
"మరి పేరు?"
సిగ్రున్ ముక్కు తుడుచుకుంది, ఆలోచించింది.
"వెళ్ళడమైతే వెళ్ళింది" అంది.
"దీన్ని రావడం అనరు."