తూకం గది కంప్యూటరు

ఫోనైతే నా మాట వింటుంది.
మొన్న కాణిపాకం బస్సులో సూపర్‌వైజరు గోవర్ధన
కంపెనీ ఫోను పోగొట్టుకుని ముఖం వేలాడేసుకుని వస్తే
టీ చల్లారేలోపు
కుర్చీలోంచి లేవకుండా దాన్ని ఖాళీ చేశాను.
ఎవడి చేతిలో ఉందో ఆ చేతిలోనే,
మాగిన కాయ నొక్కితే టెంక జారినట్టు
మా లెక్కలన్నీ జారిపోయాయి.
ఆ సాయంత్రం కొంచెం గర్వపడ్డాను, దాచడమెందుకు.

విండోస్‌ది వేరే జాతకం.
పేరుకే కిటికీలు.
నేనున్న వైపు నుంచి తెరుచుకునేవి రెండో మూడో,
మిగతావాటి గడియలు లోపలే.

జూన్ నెల, చిత్తూరు.
తోతాపురి ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు నుంచి
బంగారుపాళ్యం దారిలో పెట్రోలు బంకు దాకా.
గాలి కూడా పులిసిన తీపి.
రాత్రి తొమ్మిదిన్నరకు తూకం గది నుంచి చెంగల్రాయుడు:
"బరువు చూపిస్తా ఉంది మేడమ్. చీటీ మాత్రం ఇయ్యలా."

మిట్టూరు మేడ మీది ఆఫీసులో
నా తెర నిండా రెండువందల పద్నాలుగు పేర్లు.
ప్రింటరు సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కించమని ఆజ్ఞ పంపాను.
పెండింగ్.
మళ్లీ పంపాను.
పెండింగ్.
నన్ను పలకరించడానికి ఎనిమిది గంటలకోసారి వస్తుందది,
అదీ గుర్తుంటే.
ఉత్తరం వేయగలను,
తలుపు తట్టలేను.

పక్కనే పచ్చ టిక్కు:
ఈ యంత్రం నిబంధనలకు లోబడి ఉంది.
లోబడే ఉంది పాపం.
పని చేయడం లేదు, అంతే.

ఆ తూకం ప్రోగ్రాం రాసినాయన
వేలూరులో దుకాణం మూసేసి పన్నెండేళ్లు.
నా జాబితాలో ఏ పేరుతో పిలిచినా అది పలకదు.
ఇంకెంతసేపని,
పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని స్కూటర్ తీశాను.
సగం దారిలో గుర్తొచ్చింది,
పెన్‌డ్రైవ్‌లు పనిచేయకూడదన్నది నేనే.
ఆ ఒక్క ఆజ్ఞ మాత్రం
అన్ని యంత్రాలకూ అదే రోజు అందింది.

తూకం గదిలో చెంగల్రాయుడు
పాత క్యాలెండరు వెనక పెన్నుతో బరువులు రాస్తున్నాడు.
ఎవరి ట్రాక్టరు, ఎన్ని టన్నులు, తేమకు ఎంత కోత,
కొట్టివేత ఒక్కటి లేదు.
ఎదురుగా తెర మీద చిన్న పెట్టె,
సాయంత్రం నాలుగు నుంచి అదే ప్రశ్న అడుగుతూ:
మార్పుకు అనుమతిస్తారా?
అవును. కాదు.

"అవును నొక్కుంటే పోయేది కదా!"
"నొక్కితే పాస్‌వర్డ్ అడగతాది.
అది పోయిన నెల నువ్వే కదమ్మా
మా చేతుల్లోంచి ఎత్తేసింది?
మంచికే అన్యావు."

ఏం చెప్పను.
యంత్రానికి కావలసిన మనిషి దాని ముందే ఉన్నాడు,
హక్కు లేదు.
హక్కున్న నాకు
ఆ పెట్టె కనిపించనే లేదు.
నా తెరకు తెలిసింది ఒకటే మాట, పెండింగ్.

పాస్‌వర్డ్ కొట్టి, అవును నొక్కాను.
ప్రింటరు గొంతు సవరించుకుని
మొదటి చీటీ ఉమ్మేసింది.
బయట ఎవరో ఈల వేశారు.
క్యాలెండరు వెనక రాసినవన్నీ
ఒక్కొక్కటిగా ఎక్కించేసరికి మూడున్నర.
పూతలపట్టు నుంచి వచ్చిన ఒకామె, చివరి ట్రాక్టరామె,
చీటీని దీపానికి పట్టి చదువుకుని
ఒక కాయ నా స్కూటర్ బుట్టలో పడేసి పోయింది.

పొద్దున ఆరుకు ఫోను మోగింది.
తూకం గది కంప్యూటరు: ఆజ్ఞ విజయవంతంగా అమలైంది.
నేను పంపినదేనట.
చెంగల్రాయుడికి చూపిస్తే నవ్వుతాడని
అలాగే ఉంచాను, చెరపలేదు.