గాలి పోని దారి

డాక్టరమ్మ చక్కెర జబ్బని చెప్పి
పొద్దున్నే పార్కుకు తోలింది,
అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు పక్కన
నలభై ఏండ్లు పంచర్ల అంగట్లో కూర్చున్నోణ్ణి.

బాటంతా మెత్తగా, ఎర్రరంగు పూసుకొని.
పాత టైర్లు నూరి పరిచినారంట.
రంగు లేచిపోయిన చోట వంగి చూస్తి –
నల్లని నూక.
వేలితో నలిపి వాసన చూస్తి.

ఇంకెవరికి తెలుస్తాది?
ఇందులో యాడో
శెనక్కాయ మూటలతో మద్రాసు పోయొచ్చిన
వన్నూరప్ప లారీ వెనక టైరుంటాది.
ఏడు ప్యాచీలకు దుడ్లిచ్చి
ఎనిమిదోదానికి బాకీ పెట్టి పోయినాడు.
మళ్లీ రాలేదు.

నీళ్లతొట్లో ట్యూబు ముంచి
బుడగ యాడ లేస్తాదా అని
కండ్లు కాయలు కాచిన బతుకు నాది.
ఈ నూకలో ఊదేదానికి గాలి లేదు,
పీకేదానికి మేకు లేదు.
నాతో పనే లేని దారి.

ఎండెక్కితే రబ్బరు కమురు వాసనకు
నడిచేటోళ్లు ముక్కు మూసుకొని పోతారు.
నేను మాత్రం
ఇంకొక చుట్టు తిరుగుతా.

అరగంటకే మోకాళ్లు మొరాయించె.
బెంచీ మీద కూలబడి
చెప్పు తిప్పి చూసుకుంటి,
పాత అలవాటు –
మేకేమన్నా దిగిందేమోనని.