అరవేలు పొడవు

కితామి స్టేషన్లో దిగేసరికి మూడున్నర,
చీకటి అప్పటికే తొందరపడుతోంది.
సంచిలో ఒక కాగితం: డీలర్ ఒప్పందం, ముగింపు.
సప్పోరో ఆఫీసులో పదకొండు గడుల పట్టిక నింపాకే
నన్ను పంపారు.
పోయిన ఏడాది ఈ దుకాణం అమ్మినవి నాలుగు బళ్ళు.
నాలుగు.
అందులో ఒకటి ఆయన మేనల్లుడికి.

కువబరా తెత్సుజీ తలుపు తీశాడు.
అరవై తొమ్మిదేళ్ళు, ఎడమ బొటనవేలికి గోరు లేదు.
"బూట్లు దులుపుకో" అన్నాడు, పలకరింపు కన్నా ముందు.

లోపల షోరూమ్ ఉంటుందనుకున్నాను.
నిద్ర ఉంది.
గోడ నుంచి గోడకి దుప్పట్లు కప్పుకుని
నలభై మూడు మోటార్‌సైకిళ్ళు.
మొదటి మంచుకి ఊరు ఊరంతా తెచ్చి ఇక్కడ పడుకోబెడతారట,
ఏప్రిల్లో లేపుకుపోతారట.
జూన్‌లో దక్షిణం నుంచి బదిలీ అయినవాణ్ణి,
నాకేం తెలుసు.

ఒక్కోదాని మెడలో ఒక అట్టముక్క.
"హిగాషిదె, పాల డైరీ. చైన్ వదులు. అడగడు. బిగించు."
"మినెగిషి సాయో. కొన్నది సప్పోరోలో, ఫోన్లో. బ్రేకులు మాత్రం నా దగ్గర."

అది చదివి నవ్వాను. ఆయన నవ్వలేదు.
"ఇరవై వేల యెన్లు తక్కువకి దొరికిందట.
అడిగితే నేను ముప్ఫై తగ్గించేవాణ్ణి.
మొహమాటపడింది.
ఫోనుకి మొహం లేదు కదా."

నిజం చెప్పాలంటే డీలర్లంటే నాకూ పడదు.
పందొమ్మిదేళ్ళప్పుడు మొదటి బండి కొన్నాను:
రాసిన ధర ఒకటి, కట్టిన ధర ఒకటి,
మధ్యలో "సిద్ధం చేసిన ఖర్చు" అని ఒక వరస.
ఏం సిద్ధం చేశారయ్యా అంటే, అద్దాలు బిగించారు.
ఆ మంటతోనే కంపెనీలో చేరానేమో.
పెట్టెలో పెట్టి నేరుగా ఇంటికే పంపిద్దాం, మధ్యలో మనిషెందుకు
అని మీటింగులో లేచిన చేతుల్లో
నా చెయ్యీ ఉంది.

టీ పోశాడు. కాగితం ఇచ్చాను. చదవలేదు.
సొరుగు లాగి, గ్రీజుతో అంచులు నల్లబడ్డ
నోటుబుక్కు తీశాడు.
"ఆరేళ్ళ కింద మీకు రాశాను.
తెల్లవారుజామున పేపర్లు వేసే అమ్మాయి బండి.
మైనస్ ఇరవై దాటితే ఇంజన్ ఊపిరి గొట్టం
కొసన గడ్డకట్టి మూసుకుపోతోంది,
నూనె సీలుని తన్నుకుని బయటికొస్తోంది అని.
మూడు ఉత్తరాలు. ఫొటోలు.
మా పరీక్షల్లో అటువంటి సమస్య లేదు అని జవాబు.
ఎక్కడ చేస్తారు మీ పరీక్షలు?"

చెప్పాను.
అక్కడ మంచు పడితే పిల్లలకి బడి సెలవు.

"తరువాతి మోడల్ వచ్చింది.
పెట్టె విప్పగానే ముందు అక్కడే చూశాను.
గొట్టం అరవేలు పొడుగైంది,
కొస ఇంజన్ వేడి పక్కకి తిరిగింది.
నాకెవరూ ఏమీ రాయలేదు."
టీ కప్పు తిప్పాడు.
"రాయక్కర్లేదులే."

పదకొండు గడుల్లో దీనికి గడి లేదు.
అమ్మకానికి ఉంది, చదరపు మీటర్లకి ఉంది,
బోర్డు మీద దీపం వెలుగుతోందా లేదా, దానికీ ఉంది.
చెవికి లేదు.

"ఇవాళ గురువారం" అని లేచాడు.
"చక్రాలు తిప్పాలి. నిలబడ్డచోటే నిలబడితే టైరు చదునవుతుంది.
నువ్వు అటు పట్టుకో."
నలభై మూడు బళ్ళు, ఒక్కోటి జానెడు ముందుకి.
నా సూటు మోకాలికి మరక.
ముప్ఫై ఒకటో దాని దగ్గర నడుం పట్టుకుని ఆగాడు.
నేను చూడనట్టు అట్టముక్క చదివాను,
అప్పటికే చదివినదాన్నే.

తరువాత ముద్ర తీసి, ఊది, కాగితం మీద ఒత్తాడు.
"మార్చిలో మీ బోర్డు మీరే దింపుకోండి.
నా నిచ్చెన ఇవ్వను."
మరి ఈ బళ్ళో అని అడిగాను.
"బోర్డు చూసి నిద్రపోతున్నాయా ఇవి?"

గుమ్మం దాకా వచ్చాడు.
"నీకు బండి ఉందా?"
ఉంది, అపార్టుమెంటు కింద, గుడ్డ కప్పి.
"బ్యాటరీ తీశావా?"

రైలుకి టైమైందని చెప్పి మంచులోకి నడిచాను.
తీయలేదు.